దావా భూమిలో లాస్ట్ పోస్ట్

మూడేళ్ల కిందటి సంగతి. భాద్రపద మాసం, మక్కచేలు కంకి పట్టిన రోజులు. అప్పుడు నేను మహబూబాబాద్ జిల్లాలో సాయుధ పోలీసు విభాగం బ్యూగ్లర్‌ని. అంటే బూర ఊదేవాడిని. పొద్దున జెండా ఎక్కేటప్పుడు ఊదుతాను, సాయంత్రం దిగేటప్పుడు ఊదుతాను, సర్కారు గౌరవంతో ఎవరినైనా సాగనంపేటప్పుడు ఊదుతాను. పుట్టింది జనగామ పక్కన, విద్య నేర్చింది భూపాలపల్లిలో. చెల్పూర్ కరెంటు ప్లాంటు వైపు తిరిగి సాధన చేస్తుంటే పొగగొట్టం మీద వాలిన గద్ద రెక్కలు ముడిచి అటెన్షన్‌లో నిలబడేదని చెబితే మా ఇంట్లో ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పోనీ. ఈ సంగతి నమ్మితే చాలు.

ఒక మాజీ మంత్రి పోయాడు. పేరు చెప్పను. ఆయన కోసం నా నోరు ఒకసారి పనిచేసింది, అదే ఎక్కువ. పదవిలో ఉన్నప్పుడు కొత్తగూడ అడవి అంచున ఆయన ఒక ఫాంహౌస్ కట్టుకున్నాడు. దాన్ని ఆనుకుని తండావాళ్ల పోడు చెలక ఉంది. పొదలు కొట్టి, మొద్దులు పెకిలించి, తాతల నాటి నుంచి దున్నుకుంటున్న నేల. ఫాంహౌస్ కిటికీలోంచి చూస్తే అది ఆయనకు తన పొలంలాగే కనిపించింది కాబోలు, మనుషులకు కర్రలిచ్చి పంపాడు. ఎదురు నిలబడ్డ సోమ్లా అనే రైతు ఆ దెబ్బలకు మంచాన పడి మళ్లీ లేవలేదు. భూమి మీద దావా కోర్టులో నడుస్తూనే ఉంది. సోమ్లా చావు మీద అసలు కేసే లేదు.

అటువంటి మనిషి పోయిన పూట టీవీలో ‘గిరిజన బాంధవుడు’ అని అక్షరాలు పరుగులు పెట్టాయి. వాటి వెనకే ఉత్తర్వు వచ్చింది: అంత్యక్రియలు అధికారిక లాంఛనాలతో.

ఆ లాంఛనాలు ఇవీ. ఫైరింగ్ పార్టీ జవాన్లు తుపాకులు తలకిందులుగా పట్టి తలలు వంచుతారు, దాన్ని రివర్స్ ఆర్మ్స్ అంటారు. తర్వాత గాలిలోకి బ్లాంక్ రౌండ్లు పేలుస్తారు. చప్పుడే తప్ప గుండు ఉండదు. ఆపైన బూర మీద లాస్ట్ పోస్ట్. ‘నీ డ్యూటీ అయిపోయింది, ఇక పడుకో’ అని చెప్పే రాగం అది. కాపలా కాసి అలసినవాడి కోసం కట్టిన రాగం. దోచుకుని అలసినవాడికీ అదే ఊదమంటే నా ఊపిరి ఎందుకు ఒప్పుకోవాలి?

వ్యానులో మా ఆర్‌ఐ, అంటే రిజర్వ్ ఇన్‌స్పెక్టర్, ముందు సీట్లో కూర్చున్నాడు. ఉండబట్టలేక అడిగేశాను.

“సార్, గీయనకు గౌరవ వందనం ఎందుకు సార్?”

“మినిస్టర్ చేసిండు గదయ్యా.”

“చేసిండు. ఏం చేసిండో గదే అడుగుతున్న.”

“సచ్చినోని మీద పగేందయ్యా? పైనుంచి ఆర్డర్ వచ్చింది. పేల్చుడు వాళ్ల పని, ఊదుడు నీ పని.”

“పగ కాదు సార్. నన్ను మొక్కుమంటే మొక్కుత, సచ్చినోడు కాబట్టి. కని సర్కారు తరఫున మొక్కుమంటున్నరు. సర్కారంటే అండ్ల సోమ్లా పెండ్లాం గూడ ఉన్నది కద?”

ఆర్‌ఐ డ్రైవర్‌ను తొందరగా పోనిమ్మని, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

మేము వెళ్లేసరికి తండావాళ్ల చెలకలోకి జేసీబీ దిగి ఉంది. కంకి పట్టిన మక్కచేను నడుమ నున్నగా చదును చేసింది. పక్కనే ఫాంహౌస్‌లో పెద్ద మామిడితోట ఉండగా కట్టెలు మాత్రం తెచ్చి ఇక్కడ దించారు. చితి పేర్చాల్సిన చోట విరిగిన మక్కకర్రల మీద ఒక ముసలావిడ కాళ్లు చాపుకుని కూర్చుంది. పేరు కమ్లి. సోమ్లా భార్య. మహిళా కానిస్టేబుళ్లు బతిమాలుతున్నారు. ఆమె వాళ్ల వైపు చూడనైనా చూడటం లేదు.

మంత్రి గారి కొడుకు తెల్లబట్టల్లో వచ్చి ముందు నన్ను ఎగాదిగా చూశాడు. “ఒక్క బూరనేనా? మొన్న పక్క జిల్లాల పెద్దమనిషి పోతే రెండు బూరలు పెట్టిన్రట. మా నాయిన ఏం తక్కువ?” అన్నాడు ఆర్‌ఐతో. ఆడబిడ్డ లాంఛనాల దగ్గర అలిగిన మగపెళ్లివారి ముఖం మీరు చూసే ఉంటారు. అచ్చం అదే ముఖం. తండ్రి ఇంకా ఐసు పెట్టెలోనే ఉన్నాడు.

ఆ మాటలు కమ్లి చెవిన పడ్డాయి. చెయ్యి ఊపి నన్ను దగ్గరికి పిలిచింది.

“ఏంది బిడ్డా, లాంఛనాలంటున్నరు, ఎవలకు?”

“పెద్దసారుకవ్వా.”

“లాంఛనాలు పెండ్లిల ఇస్తరు, పిల్లనిచ్చి పుచ్చుకున్నంక. గాయన ఏమిచ్చిండని ఇస్తున్నరు?”

నేను బూరను చంకలోకి సర్దుకున్నాను.

“సరే, ఊకో. ఇచ్చుకుంటరో ముంచుకుంటరో మీ ఇష్టం. ఈడ మాత్రం వద్దు. ఇయ్యాల ఈడ కాలబెడ్తరు, మీరు తుపాకులు పేలుస్తరు. రేపు సమాధి కడ్తరు, ఎల్లుండి కంచె ఏస్తరు. సర్కారే దండం పెట్టిన జాగా అని కోర్టుల చెప్తరు. మల్ల నా పిల్లలు ఏడ దున్నాలె?”

చదువుకున్న ప్లీడరు కూడా దావాను ఇంత పొట్టిగా చెప్పడు. నా ఒళ్లు మండిపోయింది. బతికి ఉండగా కర్రలతో దక్కని నేలను, చచ్చాక మా తుపాకులతో దక్కించుకోవాలని చూస్తున్నారు.

“సార్, గా ముసల్దాన్ని లేపుండ్రి. ఇంక జరసేపట్ల కెమెరాలు వస్తయి,” అన్నాడు కొడుకు.

ఆర్‌ఐ చెమట తుడుచుకుని మహిళా కానిస్టేబుళ్ల వైపు తిరిగాడు. ఆమెను ఎత్తెయ్యమని సైగ చేయబోతున్నాడని అర్థమైంది. అప్పుడు నా నోరు నన్నడగకుండానే తెరుచుకుంది.

“సార్, ఒక్క మాట. ఈ భూమి మీద దావా ఉన్నదా?”

“ఉంటే ఏంది?” అన్నాడు కొడుకు.

“ఏం లేదు సార్. దావా భూమిల లాస్ట్ పోస్ట్ ఊదితే లాంఛనం చెల్లదు. భూపాలపల్లిల నేను ట్రైనింగ్‌ల ఉన్నప్పుడు ఒక పెద్దమనిషికి గిట్లనే ఊదినం. కోర్టు ఏమన్నదో ఎరుకేనా? ఊదింది వాపసు తీస్కోమన్నది.”

“ఊదింది ఎట్ల వాపసు తీస్కుంటరయ్యా?”

“గదే కద సార్ పరేషాన్! మల్ల అదే జాగకు పోయి, రాగం చివరికెల్లి మొదటికి ఊదినం. తుపాకులు భూమి దిక్కు పెట్టి పేల్చినం. లాంఛనాలు రద్దు అని పేపర్ల పడ్డది. పాపం, ఆ ఇంటోళ్లు ఇప్పటికీ పెండ్లిళ్లకు పోతే ఎన్క కుర్చీల కూసుంటరు.”

కొడుకు ముఖంలో రంగు మారింది. “నిజమేనా సార్?” అని ఆర్‌ఐని అడిగాడు.

చెల్పూర్ గద్ద కథను నా దగ్గర ఎన్నోసార్లు విన్న మనిషి ఆర్‌ఐ. నన్ను చూశాడు. విరిగిన మక్కల మీద కూర్చున్న కమ్లిని చూశాడు. టోపీ సర్దుకున్నాడు.

“రూల్ రూలే కద సార్. మీకెందుకు ఆ రిస్కు?”

“మరి మా మామిడితోటల అయితే?”

“దాని మీద దావా లేదు కద సార్?” అన్నాను నేను.

“లేదు. నాయిన పేరు మీదనే పట్టా.”

“అయితే జబర్దస్త్‌గ ఊదుత.”

కట్టెలన్నీ మళ్లీ ట్రాక్టరెక్కాయి. ‘మా నాయిన దీనికి తగినవాడేనా’ అన్న ప్రశ్న ఆ కొడుక్కి ఒక్కసారి కూడా రాలేదు. ఉత్తర్వు ఇచ్చినవాళ్లకూ వచ్చినట్టు లేదు. లాంఛనం చెల్లుతుందా లేదా, అదొక్కటే వాళ్ల బెంగ.

మామిడితోటలో చితి లేచింది. తుపాకులు పేలాయి. నా వంతు వచ్చింది. కావాలని చెడగొట్టి ఊదుదామనుకున్నాను. చేతకాలేదు. పెదవికి పట్టిన విద్య ముందున్నది ఎవరని చూడదు, వచ్చినట్టే పలుకుతుంది. ఆ రోజు ఎన్నడూ లేనంత బాగా పలికింది. జనం కళ్లు తుడుచుకున్నారు. కెమెరా పట్టుకున్నవాళ్లూ ముక్కులు చీదారు. నాకు అన్నిటికంటే మండింది అక్కడే. ఆ కన్నీళ్లు తెప్పించింది నా బూర, ఆయన బతుకు కాదు. సాయంత్రం వార్తల్లో మాత్రం ‘కన్నీటి వీడ్కోలు’ ఆయన ఖాతాలో పడింది.

వ్యాను ఎక్కే ముందు చెలక దగ్గరికి వెళ్లాను. కమ్లి ఒరిగిన కర్రలను నిలబెడుతూ, విరిగినవాటి నుంచి కంకులు తెంపుకుంటోంది. నన్ను చూసి రెండు పచ్చి కంకులు చేతిలో పెట్టింది.

“దావా భూమియే బిడ్డా. తింటే చెల్లుతదా, చెల్లదా?”

ఇద్దరం నవ్వాం. “సోమ్లాను ఏడ పెట్టిన్రవ్వా?” అని అడిగాను. చెలక చివర ఉన్న రాళ్లకుప్ప వైపు గడ్డంతో చూపించింది. ఆ మనిషి నిజంగా ఈ నేలకు కాపలా కాసి అలసినవాడు.

“ఆర్డర్ లేకున్నా మంచిదే అవ్వా. ఆయనకు ఒక్కసారి ఊదనా?”

ఆమె నా చంకలోని బూర వైపు వేలు చూపించింది.

“గీ బూరతోటే కద గాయనకు ఊదింది?”

“ఔనవ్వా.”

“అయితే వద్దు బిడ్డా. గాయన ఎంగిలి మాకొద్దు.”

నేను బూరను చంకలోనే పెట్టుకుని తిరిగి వచ్చేశాను. తర్వాత ఎన్నో అంత్యక్రియలకు ఊదాను. డ్యూటీలో ప్రాణం విడిచిన నా తోటి జవానుకూ అదే బూర, అదే రాగం. ఊదే ముందు ప్రతిసారీ బూర పీకను, అంటే నోరు ఆనించే చివరను, రుమాలుతో గట్టిగా తుడుస్తాను. సర్కారు దగ్గర ఉన్న గౌరవం ఒక్కటే. తగనివాడి ముందు దాన్ని ఒక్కసారి పెడితే, తగినవాడి దాకా వచ్చేది ఎంగిలే. తుడిస్తే పోయేది తడి మాత్రమే.