ఖాళీ పేజీ కింద సంతకం

మా కాలేజీలో విద్యార్థి ప్రతినిధిని ఎవరూ ఎన్నుకోరు. ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లను పిలిచి, కాలేజీ కమిటీలో కూర్చోవాల్సింది నువ్వే అంటారు. డిగ్రీ మూడో ఏడు ఆ యోగం నాకు పట్టింది. మహారాష్ట్ర అంచున ఉన్న మా అంకిస నుంచి సిరొంచకు రోజూ బస్సులో వచ్చిపోయేదాన్ని. వరి పొలం తప్ప ఏ పదవీ ఎరగని ఇంట్లో అది పెద్ద ముచ్చట. "మా బిడ్డ కమిటీల కూసుంటది" అని బాపు నాలుగు రోజులు ఊరంతా చెప్పుకున్నాడు. నేనూ ఉబ్బిపోయాను, సిగ్గులేనిదాన్ని.

నాకంటే ఎక్కువ సంబరపడింది నా స్నేహితురాలు. భామ్రాగడ్ అవతల అడవి పల్లె ఆమెది. ఇంట్లో గోండి మాట్లాడేది, సిరొంచ హాస్టల్లో ఉంటూ నా పక్కన కూర్చుని తెలుగు నేర్చింది. ఆ వానాకాలం తండ్రికి జ్వరమని ఇంటికి పోయింది. వాగులు పొంగి దారి తెగింది. నెల దాటినా రాలేకపోయింది. తిరిగొచ్చేసరికి హాజరు తక్కువైంది. ఈసారి పరీక్ష రాయకపోతే చదువు మాన్పిస్తానని తండ్రి ముందే చెప్పాడట.

"కమిటీల జర నా ముచ్చట చెప్పవా?" అని అడిగింది.

"చెప్పకపోతే గక్కడ నేనెందుకే?" అన్నాను.

చెప్పాను కూడా. మీటింగంతా మరాఠీలో నడిచింది. లేచి నిలబడి, వానలకు దారి తెగిన ఊళ్ల పిల్లలకు హాజరులో మినహాయింపు ఇవ్వమని అడిగాను. ప్రిన్సిపాల్ సార్ తల ఊపి, చూద్దామన్నారు. ఇంకేముంది, పనైపోయిందనుకున్నాను.

ముగిశాక క్లర్కు రిజిస్టరు తెరిచి నా ముందుకు జరిపాడు. పేజీ పైన తేదీ తప్ప ఏమీ లేదు. మా దగ్గర పద్ధతే అది. ముందు అందరి సంతకాలు, తర్వాత తీరిగ్గా రాత.

"పెట్టి పో బిడ్డా, బస్సు పోతది. నేను రాసుకుంట" అన్నాడు.

బాపు కూడా ఎక్కడ వేలు చూపిస్తే అక్కడ సంతకం పెట్టేవాడు. మీరు రాశాక చదివి సంతకం పెడతానంటే పెద్దమనిషిని దొంగ అన్నట్టే మాకు. పెట్టాను. పూర్తి పేరుతో, ముచ్చటగా.

పరీక్షకు అర్హుల జాబితా గోడకు అంటించిన రోజు అందులో ఆమె పేరు లేదు. ప్రిన్సిపాల్ గదికి పరుగెత్తాను. సార్ కోప్పడలేదు. రిజిస్టరు తెప్పించి చూపించారు. హాజరు తక్కువైన ఎవరికీ మినహాయింపు లేదనీ, దీనికి విద్యార్థి ప్రతినిధి సమ్మతించారనీ మరాఠీలో రాసి ఉంది. కింద నా సంతకం. నీదే కదా అన్నారు. నాదే. ఇంకేం చెప్పను, నా మొహం!

వరండాలో క్లర్కు నా వెనకాలే వచ్చాడు. సార్ చెప్పినట్టు రాశానని ఒప్పుకున్నాడు. గొంతు తగ్గించి, "సంతకం నీదే గని, గా మాట నీది కాదని రాసి యూనివర్సిటీకి పంపు. నీకు హక్కుంది బిడ్డా. ఇంక టైమున్నది" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే రాశాను, రెండు పేజీలు. పోస్టాఫీసు దాకా వెళ్లాను కూడా. అక్కడ కాళ్లు ఆగిపోయాయి. ఇంటర్నల్ మార్కులు సార్ చేతిలో ఉన్నాయి. నా పేరూ కొట్టేస్తే? బాపుకు ఏం చెప్పను? ఉత్తరం పుస్తకంలో పెట్టుకుని బస్సెక్కాను. రేపు వేద్దాంలే అనుకున్నాను. గడువు దాటేదాకా రోజూ అదే అనుకున్నాను.

చదువు మాని ఊరికి పోతున్న ఆమెను బస్టాండులో దిగబెట్టడానికి వెళ్లి నేనే ఏడ్చాను. నన్ను ఓదార్చింది కూడా ఆమే.

"ఎందుకేడుస్తవే? నువ్వైతే అడిగినవ్ గదా. మా ఊళ్ల గురించి గా గదిల ఇప్పటిదాంక ఎవరన్న అడిగిండ్రా?"

సంతకం సంగతీ, వెయ్యని ఉత్తరం సంగతీ చెప్పేద్దామనుకున్నాను. సంచి అందించి బస్సెక్కించాను. బస్సు కదిలినా కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉంది.

నా ఫలితాలు వచ్చిన రోజు మొదటి ఫోన్ ఆమెదే. సిగ్నల్ కోసం గుట్టెక్కిందట, ఆయాసపడుతోంది.

"మనం పాసైనమట గదా!" అంది.

"అవునే, పాసైనం" అన్నాను.