రత్నమ్మక్క మెయిల్ పెట్టెను నేను బాగుచేసిన విధం

కంప్యూటర్ బాగుచేస్తానని వెళ్ళి, ఒక మనిషి పదకొండేళ్ళుగా దాచుకున్న సంతోషాన్ని ఒక్క ఎంటర్ కొట్టి ఊడ్చేసిన ఘనుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే కుర్చీ కాస్త ముందుకు లాక్కోండి. ఆ ఘనుడు మీ ముందే ఉన్నాడు. నవ్వాలనిపిస్తే మొహమాటపడకండి, నేనూ నవ్వుతూనే చెబుతాను. మధ్యలో ఎక్కడైనా నేను నవ్వడం మానేస్తే మాత్రం చూసీచూడనట్టు వదిలేయండి.

అప్పుడు నాకు ఇరవయ్యారేళ్ళు. పేరు సుధాకర్, ఊరు తెనాలి, ఉండేది బెంగళూరు మారతహళ్ళిలో ఓ పీజీ హాస్టల్, ఉద్యోగం హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఓ మేడ మూడో అంతస్తులో. ఆ వయసులో కొందరికి ప్రేమ పిచ్చి పడుతుంది, కొందరికి బైకుల పిచ్చి. నాకు లినక్స్ పిచ్చి పట్టింది, అంటే విండోస్‌కు బదులు కంప్యూటర్‌ను నడిపే ఉచిత సిస్టం అన్నమాట. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా కంచం ముందు కూర్చోకముందే వాళ్ళ కంప్యూటర్ ఎక్కడుందా అని కళ్ళు వెతికేవి. "ఇంకా ఈ పాతదే వాడుతున్నారా!" అని జాలిపడి, పప్పు వడ్డించేలోగా అందులో లినక్స్ ఎక్కించడం మొదలుపెట్టేవాణ్ణి. నన్ను రెండోసారి భోజనానికి పిలిచినవాళ్ళు బహు తక్కువ.

రత్నమ్మక్క అలాగే దొరికింది నాకు. మేనకోడలి డాన్సు డ్రెస్సు తీసుకురమ్మని మా అక్క నన్ను నగర్తపేట పంపింది. సందులో చిన్న గది. రెండు కుట్టుమిషన్లు, గోడ నిండా జరీ అంచుల చుట్టలు, మూలన ఒక ముసలి కంప్యూటర్. ఆవిడకు అరవై దాటి ఉంటాయి. తాతల కాలం నుంచీ బెంగళూరులోనే ఉన్న తెలుగువాళ్ళు. భరతనాట్యం డ్రెస్సులు కుట్టడంలో ఆవిడ చెయ్యి అలాంటిదిలాంటిది కాదు. దూరపు ఊళ్ళ తల్లులు పిల్లల కొలతలు మెయిల్లో పంపేవాళ్ళు. ఆవిడ కుట్టి పార్సిల్ చేసేది. అరంగేట్రం అయ్యాక ఆ తల్లులే ఫోటోలు పంపేవాళ్ళు.

ఆ ఫోటోల సంగతి ముందే చెప్పాలి. రత్నమ్మక్క తన జన్మలో ఒక్క అరంగేట్రమూ చూడలేదు. ఒక పిల్ల స్టేజీ మీద ఆడే రోజున ఆవిడ ఇక్కడ ఇంకో పిల్ల కుచ్చిళ్ళకు ఇస్త్రీ చేస్తూ ఉండేది. తను కుట్టిన బట్ట ఎలా ఆడిందో ఆవిడకు తెలిసేది ఆ మెయిళ్ళలోనే. రోజూ షట్టర్ దించే ముందు నాలుగైదు తెరిచి చూసుకునేది. పిల్లల పేర్లు గుర్తుండేవి కావు. నడుం కొలతలు గుర్తుండేవి.

"ఇది చూడప్పా, ఇరవైనాలుగు నడుము పిల్ల. ఎట్ల నిలబడుకోనుండాది చూడు! నా కుచ్చిళ్ళు విసనకర్ర మాదిరి విప్పుకోనుండాయి" అని నాకు మొదటిరోజే చూపించింది.

వైరస్‌లతో మూలుగుతున్న ఆ కంప్యూటర్‌కు నేను లినక్స్ ఎక్కించాను. ఒక మెయిల్ ప్రోగ్రామ్ పెట్టి, పదకొండేళ్ళ పాత మెయిళ్ళన్నీ అందులోకి జాగ్రత్తగా మోసుకొచ్చాను. ఆవిడ కాఫీ ఇచ్చి, నా తల మీద చెయ్యి పెట్టి "చల్లగుండప్పా" అంది. అక్కడితో ఊరుకుని ఉంటే ఈపాటికి నగర్తపేటలో నాకు మంచి పేరుండేది.

ఏడాది బాగానే నడిచింది. ఒకరోజు ఆఫీసులో ఉండగా ఫోను.

"సుధాకరప్పా, నీ మెయిలు పడిపోతా ఉండాదప్పా."

"పడిపోవడమంటే ఏంటక్కా?"

"చూస్తా ఉంటే చూస్తా ఉంటే మాయం. మళ్ళా తెరిస్తే వస్తాది. దినామూ కాదు, ఒగోసారి."

ఆ 'ఒగోసారి' వినగానే మా వృత్తిలో ఎవరికైనా నీరసం వస్తుంది. ఎప్పుడూ పాడయ్యేదాన్ని బాగుచేయొచ్చు. ఒక్కోసారి పాడయ్యేది, మెకానిక్ మొహం చూడగానే బుద్ధిగా స్టార్టయ్యే స్కూటర్ లాంటిది. నాకు మాత్రం నీరసం రాలేదు, హుషారొచ్చింది. నా లినక్స్ పడిపోవడమా! శనివారం పొద్దున్నే వెళ్ళి కూర్చున్నాను.

"ఏం చేస్తుంటే పడిపోతోందక్కా?"

"శివమొగ్గ ఆయమ్మ మెయిలు తెరిస్తే పడతాది. మిగిలినోళ్ళది తెరిస్తే ఏమీ కాదు."

నేను నవ్వాను. పెద్దవాళ్ళు చిన్నపిల్లల మాటలకు నవ్వినట్టు నవ్వాను. "ప్రోగ్రామ్‌కు మనుషులు తెలీరక్కా. శివమొగ్గ అయినా శ్రీకాకుళం అయినా దానికొకటే."

"ఏమోప్పా. నేను చూసింది చెప్పినా. నువ్వే నొక్కి చూడు."

నొక్కాను. మెయిల్ తెరుచుకుంది. కొలతలు, వాటి కింద శివమొగ్గ ఆవిడ సంతకం, దాని పక్కన బొమ్మ ఉండాల్సిన చోట ఖాళీ గడి. ప్రోగ్రామ్ నిక్షేపంగా ఉంది.

"చూశారా!"

"ఈ పొద్దు నెట్టు లేదు కదప్పా, అందుకే దీపం బొమ్మ రాలా. నెట్టు ఉంటే అది వచ్చి, ఎలిగి ఆరతా, ఎలిగి ఆరతా ఉంటాది. అప్పుడు పడతాది."

అయ్యా, అమ్మా, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. రోగం, దాని కారణం, అది ఏ వేళ కనబడుతుంది, ఏ వేళ కనబడదు, అన్నీ మూడు ముక్కల్లో నా చేతిలో పెట్టింది ఆవిడ. ఇంత చక్కటి రిపోర్టు రాస్తే మా ఆఫీసులో చప్పట్లు కొడతారు. నేనేం చేశాను? "దీపం వల్ల ఏమీ కాదులే అక్కా" అని వేళ్ళు విరుచుకుని, ఆజ్ఞలు టైపు చేసే నల్ల తెర తెరిచాను.

మాలో ఒక జబ్బుంది. వాడేవాళ్ళు చెప్పినదాన్ని పైన ఒక లైనులో రాసుకుంటాం, తర్వాత దాని మొహం చూడం. మా దగ్గరొక జాబితా ఉంటుంది, దాని ప్రకారం పోతాం. కుట్టుమిషన్ సూది విరిగిందని చెబితే, ముందు ఇంటి పునాది తవ్వి చూద్దాం అనే రకం.

నాలుగు శనివారాలు తవ్వాను. మొదటి శనివారం మెమరీ పరీక్ష. రెండో శనివారం ఉన్న అప్‌డేట్లన్నీ. మూడో శనివారం, ప్రోగ్రామ్ పడిపోయినప్పుడు మిగిల్చిన పాత సందేశమొకటి దొరికింది. దాన్ని ఆవిడకు వివరించకుండా ఉండలేకపోయాను.

"అక్కా, మెమరీలో తనది కాని చోటికి పోయింది. అందుకే సిస్టం దాన్ని చంపేసింది."

"ఎవురింట్లోకి పోయిందప్పా?"

"అదే వెతుకుతున్నాను."

"ఆ దీపం కాడికేమో చూడు."

"అక్కా, ప్లీజ్."

ఆవిడ మిషన్ దగ్గరికి వెళ్ళి అంచు కుట్టుకుంటూ కూర్చుంది. ఒక్క విషయం మాత్రం ప్రతి వారమూ అడిగేది. "ఆ ఫోటోలు ఇంకోచోట కూడా పెట్టప్పా, ఒగటి పోతే ఒగటుంటాది." నేను ప్రతి వారమూ ఒకే జవాబు చెప్పేవాణ్ణి. "వచ్చేవారం తప్పకుండా."

నాలుగో శనివారానికి నాకు పౌరుషం వచ్చింది. జాబితాలో చివరి మందు మిగిలింది. పాత మెయిల్ పెట్టెను మొత్తంగా తీసేసి కొత్తది పెట్టడం.

"మెయిళ్ళు పోవా?" అంది ఆవిడ, కత్తెర చేతిలోనే పట్టుకుని లేచి వచ్చి.

"పోవక్కా. ఇక్కడున్నవి ఉత్త ప్రతులు. అసలువి సర్వర్లో ఉంటాయి. కొత్త పెట్టె పెట్టగానే అన్నీ మళ్ళీ దిగుతాయి."

"ఆ సర్వరు యాడుండాది?"

"చాలా దూరంలో, చాలా భద్రంగా."

"నువ్వు తీస్తానన్న నకలు?"

"ఇప్పుడింక అవసరమే లేదు!"

మౌస్‌తో తీసేస్తే కంప్యూటర్ "నిజంగానా?" అని అడుగుతుంది, ముందు చెత్తబుట్టలో వేస్తుంది. అది చేతకానివాళ్ళ పద్ధతని నా అభిప్రాయం. నల్ల తెర మీద, ఏమీ అడక్కుండా, చెత్తబుట్ట కూడా లేకుండా తుడిచేసే ఆజ్ఞ టైపు చేసి, ఎంటర్ మీద చూపుడువేలు కాస్త ఎత్తు నుంచి వదిలాను. చూసేవాళ్ళుంటే నాకలా చేయడం అలవాటు. తర్వాత, ఎందుకైనా మంచిదని, ఓ గంట పాటు కొత్త అప్‌డేట్లు కూడా ఎక్కించాను. ఆ గంటలో ఏం జరిగిందో మీకు కాసేపట్లో తెలుస్తుంది.

కొత్త పెట్టె తెరిచాను. మెయిళ్ళు దిగడం మొదలైంది. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

ఆగింది.

"అంతేనా?" అంది రత్నమ్మక్క.

"దిగుతాయక్కా. నెట్టు నిదానం."

నాలుగూ ఆ పొద్దున వచ్చినవే. తెర వంక చూస్తూ ఉండగా ఒక పాత మధ్యాహ్నం గుర్తొచ్చింది. కొత్తలో ఒకసారి, ఫోటోలు ఎక్కువై సర్వర్లో చోటు నిండిపోతే, కొత్త మెయిళ్ళు రావడంలేదని ఆవిడ ఫోను చేసింది. నేను వచ్చి, 'దించుకున్న మెయిళ్ళను సర్వర్లోంచి తీసేయి' అన్న గడిలో నా చేత్తోనే టిక్కు పెట్టాను. "ఇక జన్మలో నిండదక్కా" అని గొప్పగా చెప్పాను కూడా. మాట నిలబెట్టుకున్నాను, నిండలేదు. మా ఆఫీసులో మెయిళ్ళన్నీ సర్వర్లోనే ఉంటాయి కాబట్టి లోకమంతటా అలాగే ఉంటాయనుకుని, ఆ టిక్కును ఆరోజే మరిచిపోయాను.

ఫోను మాట్లాడాలని చెప్పి సందులోకి వచ్చి, ఆఫీసులో నా పక్క సీటు హుస్సేన్‌కు చేశాను.

"తుడిచేశావా? సరే, కంగారుపడకు. వెంటనే కంప్యూటర్ ఆపేశావు కదా?"

"గంట సేపు అప్‌డేట్లు ఎక్కించాను."

"తుడిచిన చోటి మీదే కొత్తవి రాశావన్నమాట," అన్నాడు హుస్సేన్. "సుధా, నువ్వు చేయాల్సిన తప్పు ఇంకేమైనా మిగిలిందా?"

మిగిలింది. అబద్ధమాడటం. "సర్వీసు చేయాలక్కా" అని డిస్కు ఊడదీసి, బ్యాగులో పెట్టుకుని, బస్సులో దాన్ని ఒళ్ళో పసిబిడ్డలా పట్టుకుని మారతహళ్ళి చేరాను. వారం రోజులు ప్రతి సాయంత్రం దాన్ని గాలించాను. దొరికినవన్నీ ముక్కలు. ఒక ఫోటోలో పాపిటబిళ్ళ వరకే ఉంది, కిందంతా బూడిద రంగు. ఒకదాంట్లో స్టేజీ తెర ఒక్కటే. ఒకదాంట్లో గజ్జెలు కట్టిన రెండు పాదాలు, పైన పిల్ల లేదు. వాటిని చూస్తుంటే నామీద నాకే అసహ్యం వేసింది.

రోజూ ఫోను వచ్చేది. "ఎంతవరకు వచ్చినాయప్పా?"

"వస్తున్నాయక్కా."

మళ్ళీ శనివారం డిస్కు తెచ్చి బిగించాను.

"అక్కా, మెయిళ్ళు రావు."

"ఈ పొద్దు రావా?"

"ఎప్పుడూ రావు. నేనే తుడిచేశాను. సర్వర్లోనూ లేవు. అదీ నేనే చేశాను. వారం నుంచీ అబద్ధం చెబుతున్నాను."

ఆవిడ మెడలోని టేపు తీసి, నెమ్మదిగా వేళ్ళకు చుట్టుకుంది. "ఇరవైనాలుగు నడుము పిల్ల?"

"లేదక్కా."

"ముప్పై నడుము పిల్ల ఒగతి ఉండె. కొంచెం లావుపాటి పిల్ల. అందరూ నవ్వుతారని ఏడ్చిండె, వాళ్ళమ్మ ఫోను చేసి చెప్పిండె. నేను కుచ్చిళ్ళు ఇంకో రెండు ఎక్కువ పెట్టి కుట్టినా. ఎంత బాగా ఆడిండె! ఆ పిల్లది?"

"లేదక్కా."

తిడుతుందని కాచుకుని కూర్చున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆవిడ తిట్టలేదు. "బేజారాయెనప్పా" అంది, అంతే. నాకు ఏడుపొచ్చింది. ఇరవయ్యారేళ్ళ ఇంజనీరు జరీ గుట్టల మధ్య కూర్చుని ముక్కు చీదుకోవడం చూడముచ్చటగా ఉండి ఉండదు.

సరిగ్గా అప్పుడే కంప్యూటర్ టింగుమంది. కొత్త మెయిల్. శివమొగ్గ ఆవిడ, రెండో కూతురి కొలతలు. ఆరోజు నెట్టు దివ్యంగా ఉంది. నేను తెరిచాను. కింద సంతకం పక్కన ఒక బుల్లి దీపం వచ్చింది. వెలిగింది. ఆరింది. మళ్ళీ వెలిగింది. ప్రోగ్రామ్ మాయం.

కొత్త పెట్టె, కొత్త అప్‌డేట్లు, అంతా కొత్తే. అయినా పడింది. మళ్ళీ తెరిచాను, మళ్ళీ దీపం, మళ్ళీ పడింది. రత్నమ్మక్క వైపు చూసే ధైర్యం లేక, సెట్టింగుల్లోకి వెళ్ళి 'నెట్టు నుంచి వచ్చే బొమ్మలు చూపించొద్దు' అన్న గడిలో టిక్కు పెట్టాను. ఆ మెయిల్ మళ్ళీ తెరిచాను. దీపం రాలేదు. ప్రోగ్రామ్ పడలేదు. పదిసార్లు తెరిచాను, పడలేదు. మొత్తం పని అర నిమిషం.

"అంతేనా?" అంది వెనక నుంచి.

"అంతే అక్కా."

ఆవిడ ఆ గడిని చూసింది, నన్ను చూసింది.

"ఈ ఒక్క దీపం ఆర్పేదానికా అప్పా, అంతమంది పిల్లోళ్ళని ఇంట్లోంచి ఎళ్ళగొడితివి?"

ఆ తర్వాత మెయిల్ రాసిన ప్రతి తల్లినీ, పాత ఫోటోలు మళ్ళీ పంపమని నేనే బతిమాలాను. కొన్ని ఫోటోలు తిరిగి వచ్చాయి. చాలామంది అడ్రసులు కూడా ఆ పెట్టెతోనే పోయాయి. ముప్పై నడుము పిల్ల వాళ్ళు ఎక్కడున్నారో ఇప్పటికీ తెలీదు. అది మాత్రం నవ్వుతూ చెప్పడం నావల్ల కాదు.

కనుక, తెనాలి సుధాకర్ అనే నేను, పూర్తి స్పృహలో ఉండి చేయు ప్రమాణమేమనగా: ఇకమీదట ఎవరు "ఇది తెరిస్తే పడతాది" అన్నా చేతులు ఒళ్ళో పెట్టుకుని, ముందు దాన్నే చూస్తాను. నకలు రెండు చోట్ల పెట్టి, ఆ రెండూ తెరుచుకుంటాయో లేదో చూసుకున్నాక గానీ తుడిచే ఆజ్ఞలో మొదటి అక్షరం కూడా టైపు చేయను. "అసలువి సర్వర్లో ఉంటాయి" అన్న వాక్యం నా నోట వస్తే, విన్నవారెవరైనా సరే నా కీబోర్డు లాక్కుని సందులోకి విసిరేయవచ్చు. నేను అడ్డుపడను.