రేపటి పేర్లు

బండి నడిపినంతసేపూ లింగమూర్తి చూపు సగం రోడ్డు మీద, సగం లోపలి అద్దంలో ఉంటుంది. పదకొండేళ్లుగా హైటెక్ సిటీ ఆఫీసుల వాళ్లను ఇళ్లకు చేరుస్తున్నాడు. రేపు ఎవరెవరిని ఎక్కించుకోవాలో సాయంత్రానికి ఫోనుకు జాబితా వస్తుంది. సెలవైతే పేరు పక్కన గుర్తుంటుంది. పేరే లేకపోతే ఉద్యోగం పోయినట్టు. ఆ సంగతి ఆ మనిషికంటే ముందు డ్రైవరుకే తెలుస్తుంది. బయటికి చెబితే బండి తీసేస్తామని ఆఫీసువాళ్లు హెచ్చరించారు. అందుకే తెలిసిన రోజున నోరు మూసుకుని, తువ్వాలతో స్టీరింగు తుడుస్తూ కూర్చుంటాడు.

ఈ సాయంత్రం వచ్చిన రేపటి జాబితాలో ప్రవీణ పేరు లేదు. ఇంగ్లీషు పాఠాలు రాసే ఆ కాకినాడ పిల్ల, నిజాంపేట హాస్టల్ వచ్చేలోగా అతనికి రోజుకో మాట నేర్పుతుంది. కూకట్‌పల్లి దాటకముందే బండ్లన్నీ ఆగిపోయాయి.

"ఇవాళ్టి మాట అపాల్ అండి. ఎదుటివాళ్లను హడలగొట్టడం. పాత ఫ్రెంచిలో మొహం తెల్లబోవడమని అర్థమట," అంది ప్రవీణ వెనక సీట్లోంచి.

"మేం గూడ గట్లనే అంటం మేడం, మొహం తెల్లవోయిందని," అన్నాడు స్టీరింగు తుడుస్తూ.

ఆమె అద్దంలోకి వంగి చూసింది. "అయ్యో, మీ మొహమే అలా అయిపోయిందేంటండీ?"

ముందు బస్సు, వెనక బస్సు. లింగమూర్తి అద్దాన్ని పైకి తిప్పేశాడు. అందులో ఇక బండి కప్పు తప్ప ఏమీ కనపడలేదు.

హాస్టల్ దగ్గర దిగుతూ ఆమె నవ్వింది. "రేపటి మాట చాలా తేలికండి."

"అదేందో ఇప్పుడే చెప్పు బిడ్డా," అన్నాడు లింగమూర్తి.