నాలుగో నెంబరు మ్యాగజైన్

ఆర్లీన్ స్లివ్కా చేత్తో నింపిన తూటా ఒక్కటి కూడా తన తప్పు వల్ల ఎవరి పిస్తోల్లోనూ ఇరుక్కోలేదు. ఈ మాట ఆవిడ బతికుండగా, క్లబ్బులో నలుగురి ముందూ నిలబడి చెప్పవలసినవాణ్ణి నేను. చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను కాబట్టి నన్నెవరూ సత్యసంధుణ్ణి చెయ్యనక్కర్లేదు. చేసిన పాపం చెబితే పోతుందంటారు. నాలో నేను వెయ్యిసార్లు చెప్పుకున్నాను, ఇసుమంతైనా పోలేదు.

మాది ఒహాయోలో ఏరీ సరస్సుకి గంట దూరంలో ఉన్న ఊరు. వాల్వుల ఫ్యాక్టరీ ఒక్కటే అందరికీ కూడు పెట్టేది. ఆర్లీన్ ఆ ఫ్యాక్టరీ కొలతల గదిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసింది. వెంట్రుకలో పదో వంతు తేడా కనిపించినా వాల్వుని వెనక్కి తోసేసేది. గొంతు పెంచేది కాదు, మైక్రోమీటరు వాళ్ళ ముందు పెట్టి "నువ్వే చదువు" అనేది. ఎంతటి ఫోర్‌మనైనా చదివి, నోరు మూసుకుని, వాల్వు పట్టుకుని వెళ్ళిపోయేవాడు.

ఆవిడ మొగుడు రూడీ అదే ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర ఉండేవాడు. సరదా మనిషి, నోరు పెద్దది, చెయ్యి మాత్రం రాయిలా కదిలేది కాదు. మా పిస్తోలు పోటీల్లో ఒంటిచేత్తోనే కాల్చాలి. రెండో చెయ్యి ఊగితే గురి చెడుతుంది కాబట్టి దాన్ని ప్యాంటు జేబులో పెట్టుకుని నిలబడతాం. రూడీ ఎడం చెయ్యి జేబులో దోపి నిలబడ్డాడంటే చుట్టుపక్కల మూడు జిల్లాల్లో వాడికి ఎదురు లేదు.

పోటీకి కాల్చేవాళ్ళు తూటాలు ఇంట్లోనే నింపుకుంటారు. కాల్చిన ఇత్తడి గొట్టాలు ఏరి తెచ్చుకుని, అడుగున నిప్పు రాజేసే కొత్త ప్రైమరు బిళ్ళ కొట్టి, తుపాకి మందు పోసి, సీసం గుండు కూర్చోబెట్టి, మూతి బిగిస్తారు. మొదట్లో రూడీయే నింపుకునేవాడు. నోరు ఊరుకోదు కదా, కబుర్లు చెబుతూ మందు పోసేవాడు. 1981 చలికాలంలో ఒక గొట్టంలో రెండుసార్లు పోశాడు. పిస్తోలు పిడి చెక్కలు ఎగిరిపోయాయి, అదృష్టం బాగుండి ఒక వేలు మాత్రమే చీరుకుంది. ఆ సాయంత్రమే ఆర్లీన్ తూటాలు నింపే మిషను లీవరు వాడి చేతిలోంచి తీసుకుంది.

"ఇక నువ్వు కాల్చు, నేను నింపుతాను" అందట.

"నీకేం తెలుసే?"

"నోరు మూసుకుని పనిచెయ్యడం తెలుసు. నీకు తెలీనిది అదొక్కటే."

అప్పటినుంచి నింపడం ఆవిడ పని. ఆ బల్ల దగ్గర రేడియో ఉండదు, మాట ఉండదు. యాభై గొట్టాలు చెక్కపలకలో నిలబెట్టి, మందు పోశాక ఒక్కొక్కదానిలోకి టార్చి వేసి చూశాకే గుండు పెట్టేది. అన్నీ అయ్యాక గుండు దూసుకెళ్ళే నాళం, అంటే పిస్తోలు బ్యారెలు, విడిగా తీసి ఒక్కో తూటా అందులో వదిలేది. టక్కుమని శబ్దం చేస్తూ దిగాలి, బ్యారెలు బోర్లిస్తే తనంతట తానే జారిపడాలి. పడకపోతే దాన్ని పక్కన పెట్టేది. ప్రతి పెట్టెలోనూ చీటీ వేసేది: ఏ రోజు నింపింది, ఎంత పొడవు, కింద తన పొడి అక్షరాలు.

మావాళ్ళలో ఒకడు నింపిన తూటా ఇంకొకడు కాల్చడు. అది పళ్ళు తోముకునే బ్రష్షు లాంటిది, అన్నదమ్ములైనా పంచుకోరు. మందు ఎక్కువైతే పేలేది నీ చేతిలో కదా. అలాంటిది మా క్లబ్బు జట్టు నలుగురూ ఆర్లీన్ తూటాలే కాల్చేవాళ్ళు: రూడీ, కెప్టెన్ ఓర్విల్, గార్నెట్, చివర్లో వచ్చి చేరిన నేను. గురువారం ఆట అయ్యాక ఖాళీ గొట్టాలు కాఫీ డబ్బాల్లో వేసి, పేరు రాసి, ఆవిడ వరండాలో పెట్టి వచ్చేవాళ్ళం. వచ్చే గురువారానికి అవి నిండు తూటాలై తిరిగొచ్చేవి. ఆవిడకి పతకాలు లేవు, ఫోటోల్లో చోటు లేదు. ఆ వరండాలో వరసగా నిలబడ్డ నాలుగు డబ్బాలే ఆవిడ గౌరవం. అది ఆవిడకి తెలుసు, మాకూ తెలుసు.

ఎవరి పిస్తోలు మొరాయించినా ఆవిడ దగ్గరికే వచ్చేవాళ్ళు. మూడే ప్రశ్నలు అడిగేది. "గుండు ముక్కు పైకి చూస్తూ ఆగిందా, కిందికా? ఎన్నో తూటా? ఏ మ్యాగజైను?" మ్యాగజైనంటే తూటాలు పేర్చి పిస్తోలు పిడిలోకి తోసే రేకు ఒర, ఒక్కొక్కడి దగ్గర నాలుగైదు ఉంటాయి. అందుకే మూడోదానికి ఎవడి దగ్గరా జవాబు ఉండేది కాదు.

"అందుకే నెంబర్లు వెయ్యండర్రా అంటాను. పదిసార్లలో ఏడుసార్లు దొంగ మ్యాగజైనే. పైన తూటాని పట్టి ఉంచే ఆ రేకు అంచులు, దాని పెదాలు, ఒక్క పిసరు తెరుచుకుంటే చాలు, తూటా ముందే లేచి బ్యారెలు నుదుటికి గుద్దుకుంటుంది. మీరేమో తూటాని తిడతారు, స్ప్రింగు మారుస్తారు, చివరికి చర్చికెళ్ళి కొవ్వొత్తి వెలిగిస్తారు."

మేమందరం మా మ్యాగజైన్ల అడుగున నెంబర్లు వేసుకున్నాం, రూడీ తప్ప. "నా సామాను మీద నెంబర్లేంటి, ఇదేమన్నా జైలా?" అనేవాడు. తుపాకితోపాటు వచ్చిన ఆరు మ్యాగజైన్లూ కవల పిల్లల్లా ఉండేవి. ఏది ఏదో వాడికే తెలిసేది కాదు.

1997 మార్చిలో ఒక గురువారం, వాటిలో ఒకటి వాడి చేతిలోంచి సిమెంటు నేల మీద పడింది. వెనక్కి తిరుగుతూ దాని మీదే బూటు వేశాడు. అప్పుడు పక్కన ఉన్నది నేనొక్కణ్ణే. రేకు అంచు వంగింది.

"ఒరే వెండెల్, నీ ప్లయర్ ఇలా ఇయ్యి" అన్నాడు.

ఇచ్చాను. రెండు నొక్కులు నొక్కి, కంటి దగ్గర పెట్టి చూసుకుని, పెట్టెలో మిగతావాటితో కలిపి పడేశాడు. "ఆర్లీన్‌తో అనకు. చూసిందంటే పారేయిస్తుంది, పైగా నెల్రోజులు పాఠం చెబుతుంది."

నేను నవ్వాను. జట్టులో నాలుగో స్థానం నాకు దొరికి అప్పటికి మూడు వారాలు. ఓర్విల్‌కి నా పేరు చెప్పింది రూడీయే.

జూలైలో రాష్ట్ర జట్ల పోటీ. ఆ రోజు మేము ముందున్నాం. చివర మిగిలింది పది సెకన్లలో ఐదు తూటాల ఆట, రెండు విడతలు. తుపాకి ఇరుక్కుంటే ఖాళీ చెయ్యి జేబులోంచి తీసి పైకెత్తాలి. అధికారి వచ్చి చూసి, మళ్ళీ కాల్చుకోనిస్తాడు. కానీ ఆ దయ ఒక్కసారికే. రెండోసారి ఇరుక్కుంటే మిగిలిన తూటాలకి సున్నాలే.

మొదటి విడతలో రూడీ చెయ్యి లేచింది. మళ్ళీ కాల్చాడు, ఈసారి వేరే మ్యాగజైన్‌తో, బాగానే పోయింది. ఇరుక్కున్న మ్యాగజైన్ మాత్రం పక్కన పెట్టకుండా తన అలవాటుగా పెట్టెలోకి విసిరాడు. రెండో విడతకి ఆ ఆరింట్లోంచి ఒకటి తీసి నింపాడు. మళ్ళీ అదే వచ్చింది. మూడో తూటా దగ్గర ఆగిపోయింది, మూడు సున్నాలు పడ్డాయి. మేము పదకొండు పాయింట్లతో ఓడిపోయాం.

చూసేవాళ్ళకి అడ్డంగా కట్టిన తాడు అవతల ఆర్లీన్ ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉంది. రూడీ ఇరుక్కున్న తూటాని పీకి, అందరికీ కనబడేలా పైకెత్తాడు.

"ఇదిగో! మా ఆవిడ పనితనం! గుండు సరిగ్గా దిగనే లేదు."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు. ఆవిడ తాడు దగ్గరికి వచ్చింది. "ఇలా ఇయ్యి రూడీ, కొలుస్తాను."

"ఇంకేం కొలుస్తావు? కొలవాల్సింది ఇంటి దగ్గర" అంటూ వాడు దాన్ని చెత్త తూటాల బకెట్లోకి విసిరేశాడు.

ఓర్విల్ మా వైపు తిరిగాడు. "అందరం ఈ పెట్టెలోవే కదా కాల్చింది? దీని సంగతి ఎవరికైనా ఏమైనా తెలుసా? తెలిస్తే చెయ్యెత్తండి."

గార్నెట్ బూట్లు చూసుకున్నాడు. నేను కాల్చే వరసలో రూడీ పక్క గడిలోనే నిలబడి ఉన్నాను. నాకు తెలుసు. ప్లయర్ నాది, మార్చి నెల నాకు గుర్తుంది. నోటిదాకా వచ్చింది కూడా. రూడీ నన్ను చూశాడు, నేను గురి బోర్డు వైపు చూశాను. కారు దగ్గర వాడు నా భుజం మీద చెయ్యేసి, "అది మనిద్దరి మధ్యే ఉండనీ. ఆర్లీన్ పట్టించుకునే రకం కాదులే" అన్నాడు. సరేనన్నాను. పిరికి వెధవని, ఇంకే పేరు పెట్టినా అబద్ధమే.

ఆవిడ పట్టించుకుంది. ఆ పోటీకని ఒకే దఫాలో నింపినవి ఇంకా నాలుగువందల పన్నెండు మిగిలి ఉంటే, ఒక్కొక్కటీ కొలిచి, తూచి, బ్యారెల్లో వదిలి చూసింది. ఒక్కటీ తేడా లేదు. లెక్కలు పుస్తకంలో రాసి ఓర్విల్ ముందు పెట్టింది. మైక్రోమీటరు పెట్టినట్టే పెట్టి, "నువ్వే చదువు" అంది.

ఓర్విల్ తెరవలేదు. "ఎందుకు ఆర్లీన్ ఇదంతా? నిన్నెవరైనా ఏమైనా అన్నారా?"

నిజమే, ఎవరూ ఏమీ అనలేదు. ఓర్విల్ సొంత మిషను కొనుక్కున్నాడు. గార్నెట్ కొట్టు తూటాలకి మారాడు. నేను ఇంకో నెల రోజులు డబ్బా పెట్టాను, తర్వాత నేనూ మానేశాను. నా ఒక్క డబ్బా ఆ వరండాలో ఉంటే, మిగతావాళ్ళు తప్పని నేను అన్నట్టవుతుందేమోనని భయం. రూడీ అయితే ప్రాక్టీసుకి ఆవిడ నింపినవే వాడేవాడు, పోటీకి మాత్రం కొట్టు డబ్బా తెచ్చుకునేవాడు. పెళ్ళాన్ని ఇంతకంటే బాగా అవమానించడం ఎవరికీ చేతకాదు.

మ్యాగజైన్లు ఒకసారి చూడనివ్వమని ఆవిడ వాణ్ణి అడిగిందట. తన పెట్టె ముట్టుకుంటే బాగుండదన్నాడు. ఆ తర్వాత ఆవిడ అడగలేదు. ఒక ఆదివారం మిషనుకి నూనె రాసి, పాత దుప్పటి కప్పేసింది. క్లబ్బు విందుకి బంగాళాదుంప కూరి ఉడికించిన కజ్జికాయల్లాంటి పిరోగీలు చేసి పంపేది, తను వచ్చేది కాదు. కొత్తగా చేరినవాళ్ళకి ఆవిడ "రూడీని ముంచిన పెళ్ళాం" అనే తెలుసు. నా ఎదుట ఆ మాట అని నవ్వినవాళ్ళున్నారు. నేనూ నవ్వినట్టు గుర్తు.

2006 జనవరిలో రూడీ గుండె ఆగి పోయాడు. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం నేను క్లబ్బు బల్ల దగ్గర ఏదో ఆకురాయితో గీస్తుంటే ఆర్లీన్ వచ్చింది. బాగా చిక్కిపోయింది. రూడీ పెట్టె బల్ల మీద పెట్టి, ఆరు మ్యాగజైన్లు వరసగా పేర్చింది. ఒక్కోదాని అడుగున తెల్ల రంగుతో నెంబరు ఉంది.

"నిన్న ఇక్కడికే వచ్చి కాల్చాను. తొంభై ఏడులో మిగిలిన నా తూటాలే. అయిదు మ్యాగజైన్లు నోరెత్తలేదు. ఈ నాలుగోది మూడో తూటాకి ఆగుతుంది, ప్రతిసారీ" అంది.

నేను ఆకురాయి కింద పెట్టాను.

"అయిదూ పైనే ఉన్నాయి. ఇదొక్కటే మేజోడులో చుట్టి, అడుగున పెట్టాడు. పారేసినా ఊరుకునేదాన్ని వెండెల్, తెలీలేదేమో అనుకునేదాన్ని. దాచాడు." ఆవిడ చెయ్యి చాచి, "నీ ప్లయర్ ఒకసారి ఇయ్యి" అంది.

నా ప్లయర్ దవడ ఒక మూల చిట్లి ఉంటుంది. ముప్ఫై ఏళ్ళుగా అందరూ ఎరువు తీసుకుని ఎగతాళి చేసిన ప్లయర్ అది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, మ్యాగజైన్ పెదం మీదున్న గాటు దగ్గర ఆ మూలని ఆనించింది. తాళంలో తాళంచెవిలా కూర్చుంది. కొలతల గదిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు కూర్చున్న మనిషి దగ్గర ఏం దాచగలను?

"నేను వంచలేదు" అన్నాను. మొదట నా నోట వచ్చింది ఇదే, చూడండి.

"నువ్వు వంచావని నేనన్నానా? పక్కన ఉన్నావా?"

"ఉన్నాను."

"పోటీకి ముందా, తర్వాతా?"

"ముందు. మార్చిలో." నాకు ఏడుపు ముంచుకొచ్చింది. "ఆర్లీన్, ఈ గురువారం అందరి ముందూ చెబుతాను. ఒట్టు. మీ పేరు మీద ఆ మాట లేకుండా చేస్తాను."

"ఎవరికి చెబుతావు? రూడీ పోయాడు. ఓర్విల్ పోయి మూడేళ్ళు. గార్నెట్ కూతురింట్లో ఉన్నాడు, మనుషుల్నే గుర్తుపట్టట్లేదట. ఇంకెవరున్నారు ఆ రోజు వాళ్ళు? నువ్వు. నీకు తెలుసుగా."

ఆవిడ అయిదు మ్యాగజైన్లు పెట్టెలో సర్దుకుంది. నాలుగోది బల్ల మీదే వదిలేసింది. పెట్టె మూత వేసి, మళ్ళీ నా వైపు చూసింది.

"ఆ రోజు ఓర్విల్ ఎవరికైనా తెలుసా అని అడిగాడు. నేను తాడు దగ్గరే ఉన్నాను, విన్నాను. నీ కుడిచేతిలో తుపాకి ఉంది. ఎడం చెయ్యి ఎక్కడుంది, వెండెల్?"

"జేబులో" అన్నాను.

ఆవిడ తల ఊపింది, కొలత సరిపోయినప్పుడు ఊపినట్టు. ప్లయర్ తుడిచి నా చేతికిచ్చి, పెట్టె తీసుకుని వెళ్ళిపోయింది.