పొద కదిలింది

నా చిన్నప్పుడు నా కళ్లంటే మా ఇంట్లో అందరికీ గొప్ప. ఎదురు గుట్ట మీద మేసే మేకలను మా వాకిట్లో నిలబడి లెక్కపెట్టేదాన్ని. ఆ గొప్ప నా తలకెక్కి కూర్చుంది. పదేళ్ల ఆడపిల్లకు అంత పొగరు ఎక్కడినుంచి వచ్చిందో!

తొంభైల మొదట్లో మాట. మాది నిమ్మనపల్లె దగ్గర ఒక పల్లె. వేట నేరమని మా తాతకు తెలుసు. అయినా ఏడాదికి ఒకటి రెండుసార్లు విల్లు పట్టుకుని కొండెక్కేవాడు. ఆయన జోడీ మదనపల్లెలో పరుపులు కుట్టే దూదేకుల తాత. పొద్దంతా దూది ఏకే విల్లుతోనే ఆయన బతుకు, అందుకే మా తాత వేట విల్లుకు నారి పేనేది కూడా ఆయనే.

వాళ్లిద్దరి మధ్య ఒక కట్టుబాటు ఉండేది. మా తాత బాణం తగలగానే, జంతువు ప్రాణం పోకముందే, దూదేకుల తాత పరుగెత్తి అల్లా పేరు చెప్పి గొంతు కోయాలి. లేకపోతే ఆ మాంసం వాళ్లింటికి పనికిరాదు. అందుకని ఒక్క బాణం పడ్డాక మా తాత విల్లు నేల మీద పెట్టేయాలి. అవతలినుంచి ఈల వినిపించేదాకా దాన్ని ముట్టుకోకూడదు. అన్నేళ్లలో ఒక్కసారీ తప్పలేదట.

ఆ ఏడు మా తాతకు చూపు తగ్గింది. "పాప కండ్లుండాయి గదా" అని నన్ను వెంటబెట్టుకున్నాడు.

పొద్దు పొడిచిన కాసేపటికి ఒక కొండగొర్రె బండ పక్కకు వచ్చింది. నేను వేలు చూపించాను, తాత వేశాడు. అది రెండు గంతులు వేసి బలుసు పొదలో పడింది. తాత విల్లు కింద పెట్టాడు. దూదేకుల తాత ఎప్పుడూ కిందివైపు కాచుకుని ఉండి అటునుంచే వస్తాడు కాబట్టి నేను అటే చూస్తున్నాను. అంతలో పొద పైవైపు ఊగింది.

"లేస్తాండాది తాతా, ఏసెయ్!" అని అరిచాను.

మా తాత నా కళ్లను నమ్మాడు. విల్లు ఎత్తాడు.

పొదలోంచి మనిషి కేక వచ్చింది.

కింద బండలు జారుతున్నాయని దూదేకుల తాత ఆ రోజు పైనుంచి చుట్టి వచ్చాడట. కుడి భుజంలో బాణంతో బయటికి వచ్చాడు. కత్తి ఇంకా చేతిలోనే ఉంది. మా తాత మొహం తెల్లబోయింది. "నా చేత్తో, నా చేత్తోనే" అంటున్నాడు. నాకు ఏడుపు కూడా రాలేదు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఆ నోరే కదా ఈ పని చేసింది!

బాణం కర్ర విరిచి, తలపాగా విప్పి కట్టి, మెల్లగా దింపుకుని బస్సెక్కించి మదనపల్లె ఆసుపత్రికి తీసుకెళ్లాం. కొండగొర్రె సంగతి ఎవరికీ గుర్తు లేదు. డాక్టర్ అడిగితే దూదేకుల తాత "జారి బాణం మొన మీద పడినా సార్" అన్నాడు. ఆయన భార్య అడిగితే మా తాత "తప్పు నాదేనమ్మా, తొందరపడినా" అన్నాడు. ఇద్దరిలో ఎవరూ నా పేరు ఎత్తలేదు. ఈరోజు కొడతారు, రేపు తిడతారు అని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

నెల తర్వాత తాతతో వాళ్లింటికి వెళ్లాను. గాయం మానింది కానీ ఆ చెయ్యి భుజం దాటి లేవడం లేదు. దూది ఏకే విల్లు గోడకు వేలాడుతోంది. ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఆ పొద్దు ఏం సూసినావమ్మా?"

"పొద కదిలింది తాతా."

"గొర్రె లేసేది సూసినావా?"

"లేదు."

"మరి పొద కదిలిందనే చెప్పల్ల. ఆ మాటకు మీ తాత బాణం ఏసుండడు."

గొంతులో కోపం లేదు. తర్వాత టీ తాగుతావా అని అడిగాడు. నేను చూసింది ఒకటి, చెప్పింది ఒకటి. మధ్యలో ఒక మనిషి చెయ్యి పోయింది.

మా తాత మళ్లీ కొండెక్కలేదు. దూదేకుల తాత మళ్లీ దూది ఏకలేదు.

ఇప్పుడు నాకూ కళ్లద్దాలు వచ్చాయి. నలుగురు ఆడవాళ్లు కూర్చుని ఎవరి కోడలి గురించో మాట్లాడుకుంటూ, "నువ్వు కూడా చూశావు కదా" అని నావైపు తిరుగుతారు. భుజం దగ్గరే ఆగిపోయిన ఆ చెయ్యి గుర్తొస్తుంది. చూసినంతే చెబుతాను. మిగతాది నోటిదాకా వచ్చినా మింగేస్తాను.