అరవై మేడమ్

మా నాన్నకి ఒక్కతే అక్క. డ్రైవింగ్ నేర్పడం ఆవిడ పని. అందరూ ఆవిడని "అరవై మేడమ్" అనేవాళ్ళు. కొత్తగా నేర్చుకోవడానికి ఎవరొచ్చినా, ఇంకా తాళం చెవి తిప్పకముందే, "అరవై దాటావంటే దిగి నడిచిపో" అనేది. శిష్యులు చాటుగా నవ్వుకునేవాళ్ళు. ఎదురుగా నవ్వే ధైర్యం మా నాన్న ఒక్కడికే ఉండేది.

ఆవిడ నేర్పే పాఠం ఇంకోటి ఉంది. "కళ్ళని నమ్మకు, ముల్లుని నమ్ము. రోడ్డు నున్నగా ఉంటే తొంభై కూడా నలభైలాగే ఉంటుంది. మీటరు ముల్లుకి అబద్ధమాడటం రాదు." ఈ మాట అత్త ఎంత గట్టిగా చెప్పేదంటే, నేర్చుకునేవాళ్ళు రోడ్డు కంటే మీటరే ఎక్కువ చూసేవాళ్ళు. పక్క సీటు కింద తన కోసం పెట్టించుకున్న బ్రేకు మీద అత్త కాలు ఎప్పుడూ సిద్ధంగా ఉండేది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

నాన్న ఫ్రిజ్‌లు బాగుచేసేవాడు. సామాన్లు మోసుకెళ్ళడానికి సెకండ్‌హ్యాండ్ వ్యాను ఒకటి కొన్నాడు. ఎక్కడో పరాయి దేశంలో తిరిగి తిరిగి ఓడెక్కి వచ్చిన బండి. డ్రైవింగ్ అత్త దగ్గరే నేర్చుకున్నాడు, అదీ ఇళ్ళ మధ్య సందుల్లో, ముప్ఫై దాటకుండా. అత్త వచ్చి వ్యాను టైర్లు నొక్కి చూసింది, కిందకి వంగి చూసింది, బ్రేకు తొక్కి చూసింది. మీటరు అద్దం మీద దుమ్ముంటే చేతిరుమాలుతో తుడిచింది కూడా.

"బండి బాగుంది. కానీ అరవై" అంది.

"అరవైయే అక్కా, ఒట్టు" అన్నాడు నాన్న, నవ్వుతూనే.

ఆ తర్వాత కొద్దిరోజులకే అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని మొదటిసారి హైవే ఎక్కాడు. మలుపులో బండి అదుపు తప్పింది. అమ్మ చెయ్యి విరిగింది. నాన్న మళ్ళీ ఇంటికి రాలేదు. నేనప్పుడు అత్త ఇంట్లో బొమ్మలేసుకుంటున్నాను.

రోడ్డు మీద టైర్ల గీతలు కొలిచిన అధికారి, నాన్న తొంభై ఐదు, తొంభై ఆరు కిలోమీటర్ల వేగం మీద ఉన్నాడని చెప్పాడు. మీటరు నుజ్జయిపోయింది, చూడటానికేమీ మిగల్లేదు. అప్పటిదాకా గుండెలు బాదుకుని ఏడ్చిన అత్త ఆ మాట వినగానే ఏడుపు ఆపేసింది. నాకు ఇప్పటికీ ఆ ఆగిపోవడమే గుర్తొస్తుంది.

"మాట తప్పాడు" అంది.

"తప్పలేదు వదినా," అంది అమ్మ, కట్టుకట్టిన చేత్తో. "నేను పక్కనే ఉన్నాను. ముల్లు అరవై మీదే ఉంది."

"పోయినవాణ్ణి వెనకేసుకొస్తూ నాతోనే అబద్ధాలా?"

అంతే. ఆ రోజుతో అత్త మా గడప తొక్కడం మానేసింది. తమ్ముడి పేరెత్తితే లేచి వెళ్ళిపోయేది. అమ్మ చెయ్యి సరిగ్గా అతుక్కోలేదు, పూర్తిగా చాపలేకపోయేది. ఆ చేత్తోనే కర్టెన్లు కుట్టి నన్ను పెంచింది. బజారులో అత్త ఎదురుపడితే నాకు ఒళ్ళు మండేది. అమ్మ మాత్రం పలకరించబోయేది, అత్త తల తిప్పుకునేది. చిన్నప్పుడు చేసిన ప్రమాణం ఒకటి ఉంది నాకు: ఆవిడ దగ్గర మాత్రం డ్రైవింగ్ నేర్చుకోను.

మొన్న ఈమధ్య అత్త దగ్గరికి రిటైరైన పళ్ళ డాక్టరొకాయన వచ్చాడు. బండి నడపడం వచ్చు, కానీ హైవే అంటే బెదురు. తన కారులోనే పక్కన కూర్చోమన్నాడు. ఎవరో దూరపు బంధువు ఇచ్చిపోయిన పాత విదేశీ కారట. హైవే ఎక్కారు. కాసేపటికి అత్తకి ఏదో తేడాగా అనిపించింది. చెట్లు రావాల్సినంత నెమ్మదిగా రావడం లేదు. కాలు బ్రేకు కోసం వెతికింది. ఆ కారులో అటువైపు బ్రేకు లేదు.

"డాక్టరుగారూ, ఎంతలో ఉన్నారు?"

"అరవైయే మేడమ్. మీరు చెప్పినట్టే."

అత్త తొంగి చూసింది. ముల్లు నిజంగానే అరవై మీద ఉంది. "పక్కకి తీసి ఆపండి" అంది. ఆయన కంగారుపడి ఆపాడు. అత్త కళ్ళజోడు పెట్టుకుని మీటరు మీదకి వంగింది. అంకెల కింద చీమ తలంత అక్షరాలున్నాయి.

"ఏమిటివి?"

"మైళ్ళు మేడమ్. ఈ కారుకి కిలోమీటర్లు ఉండవు. అయ్యో, నేను మర్చేపోయాను చూశారా. ఐదు మైళ్ళంటే ఎనిమిది కిలోమీటర్లు." ఆయన లెక్క కట్టుకుంటూ పోయాడు. "అరవైలో ఐదులు పన్నెండు. పన్నెండెనిమిదులు తొంభై ఆరు. అమ్మో, తొంభై ఆరులో వచ్చామా మనం?"

అత్త తలుపు తీసుకుని దిగింది. ఆయన ఎంత పిలిచినా ఎక్కలేదట. ఎవరో ఆటో ఆపితే, నేరుగా మా ఇంటికే వచ్చింది.

అమ్మ కిటికీ దగ్గర కర్టెన్ అంచు మడుస్తోంది. నేను గుడ్డ పట్టుకుని ఉన్నాను. అత్త గుమ్మంలో నిలబడి, చెప్పులు కూడా విప్పకుండా, "వాడు మాట తప్పలేదమ్మా" అంది. అని, జరిగిందంతా చెప్పింది. మైళ్ళు, కిలోమీటర్లు, పన్నెండెనిమిదులు. చెబుతూ చెబుతూ గోడకి జారబడి కూర్చుంది. "నువ్వు నిజం చెప్పావు. నేనే నిన్ను అబద్ధాలకోరుని చేశాను. నన్ను క్షమించు."

ఇన్నేళ్ళకి అమ్మ గెలిచిందని నాకు పట్టరాని సంతోషం వేసింది. అమ్మ ముఖం చూశాక ఆ సంతోషం పోయింది.

"అయితే అది నా పిరికితనం కాదన్నమాట" అంది అమ్మ.

మాకు అర్థం కాలేదు.

"భయమేస్తోంది, బండి చాలా వేగంగా పోతోంది అన్నాను వదినా. ఆయన నవ్వి ముల్లు చూపించాడు. అక్కకి మాటిచ్చాను, అరవైలోనే ఉన్నాను చూడు అన్నాడు. నా భయానికి నేనే సిగ్గుపడి నోరు మూసుకున్నాను."

అత్త తల బాదుకుంది. "ముల్లుని నమ్మమని వాడికి నేర్పింది నేనే."

అమ్మ చేతిలో గుడ్డ పక్కన పెట్టి, అత్త పక్కనే నేల మీద కూర్చుంది. చాపలేని చెయ్యి అత్త భుజం మీద వేసింది.

"ఆయనకి మీరు నేర్పారు," అంది. "నాకెవరూ నేర్పలేదు కదా వదినా. నేనైనా కళ్ళని నమ్మాల్సింది."