ఉత్తుత్తి గాజు

గత ఆగస్టు మొదటి సోమవారం, ఉదయం పది దాటి పది నిమిషాలు. మా దీవిలో, బాంబూఫ్లాట్‌లోని మా వంటింట్లో జరిగింది. దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. ఇప్పటికీ అంతే.

మావారు మెయిన్‌లాండ్‌లో అణు వ్యర్థాల ప్లాంటులో పనిచేసి రిటైరయ్యారు. అక్కడ ఆ విషపు ద్రవాన్ని గాజుపొడితో కలిపి కొలిమిలో కరిగించి, ఉక్కు డబ్బాల్లో పోసి గడ్డకట్టిస్తారు. "అది గాజులో దాక్కోదే, గాజే అయిపోతుంది," అనేవారు. అసలు గాజు ఏళ్ల తరబడి లోపలినుంచే వేడిగా ఉంటుందట. ఆయన తెచ్చుకున్నది ఉత్తుత్తిది. కొలిమి సరిచూడడానికి, అణు పదార్థమేదీ కలపకుండా పోసినది. చిన్న నిమ్మకాయంత నల్లటి ముక్క, నలభై రెండు గ్రాములు.

దాన్ని సముద్రపు నీళ్ల సీసాలో ఉంచి, నెలకోసారి తీసి తుడిచి, బంగారం తూచే త్రాసులో వేసేవాళ్లం. కరిగితే బరువు తగ్గాలి కదా. ఆయన కావాలనే గుప్పిట్లో వెచ్చబెట్టి ఇచ్చేవారు. "వేడి మీద తూచకూడదన్నది మీరేగా!" అని కసిరేదాన్ని. చల్లారేదాకా ఇద్దరం టీ తాగేవాళ్లం. ఆయన పోయి నాలుగేళ్లు. ఇప్పుడది చల్లగానే వస్తుంది. టీ మాత్రం మానలేదు.

కోడలు సునీతకు ఏడో నెల. "ఉత్తుత్తిదే అంటారు అత్తయ్యా, నాకు డర్‌గా ఉంది. బచ్చా వచ్చే ఇల్లు. పారేద్దాం," అంది. ఆఖరిసారి తూచి, పదకొండు గంటల ఫెర్రీలోంచి పారేస్తానని మాటిచ్చాను.

తెల్లారినప్పటినుంచీ వాన. ఎండ లేదు, పొయ్యి వెలిగించలేదు. సీసాలో చెయ్యి పెట్టాను. నీళ్లు చల్లగా ఉన్నాయి. గాజు వెచ్చగా ఉంది. ఉలిక్కిపడి చెయ్యి లాగేసరికి సీసా కిందపడి పగిలింది.

సునీత వచ్చి, నా అరచేతిలో ఉన్నదాన్ని ఒక్క వేలితో తాకింది.

"అరే, గరమ్‌గా ఉందే! ఇంతసేపూ గుప్పిట్లో పట్టుకున్నారా?"

"లేదమ్మా. ఇప్పుడే తీశాను."

మామయ్యగారి అల్లరి ఆమె కూడా చూసిందే. వెళ్లి స్టవ్ వెలిగించింది. "చాయ్ పెడతాను అత్తయ్యా. చల్లారాకే తూచండి."

తాగుతుండగానే ఫెర్రీ హారన్ వినిపించింది. ఇద్దరం లేవలేదు.

ఆ వారంలోనే మావారి పాత స్నేహితుడొకరు రేడియేషన్ కొలిచే మీటరు తెచ్చి చూశారు. ముల్లు కదల్లేదు. ముక్క కొత్త సీసాలో ఉంది. నీళ్లు సునీతే తెప్పించింది.

ఇది ఎలా జరిగిందో నేను చెప్పలేను. ఆ రోజు పోయినవి: ఒక సీసా, పదకొండు గంటల ఫెర్రీ, కాస్త వేడి. గాజు బరువు నలభై రెండు గ్రాములు.